రాయగడ నుంచి సుప్రానేషనల్ పబ్లిక్ పాలసీ చదవాలంటే ఏం తెలిసి ఉండాలి?

మీ ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో ఉంటున్న తెలుగు కుటుంబం, బీఏ పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది. ఐరోపాలో సుప్రానేషనల్ పబ్లిక్ పాలసీ మాస్టర్స్ చేయాలని ఉంది. అందులో ఏం చెబుతారు, ఇక్కడి నుంచి ఎలా సిద్ధపడాలి, చదివాక ఐరోపా సమాఖ్యలో గానీ ఐక్యరాజ్యసమితిలో గానీ ఉద్యోగం వస్తుందా?

ముందు చివరిదానికి జవాబు చెబుతాను. చాలామంది అప్పు చేసి వెళ్లేది ఆ ఆశతోనే. ఐరోపా సమాఖ్య సంస్థల్లో శాశ్వత అధికారి కావాలంటే సభ్యదేశ పౌరసత్వం ఉండాలి. డిగ్రీ ఎంత మంచిదైనా ఈ షరతు మారదు. యూరోపియన్ కమిషన్ ఇచ్చే అయిదు నెలల బ్లూ బుక్ ట్రైనీషిప్‌లో బయటి దేశాలవాళ్లకు కొద్ది సీట్లు ఉంటాయి, అంతే. ఐక్యరాజ్యసమితి యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు వయసు 32 దాటకూడదు. ఆ ఏడాది ఏ దేశాలవాళ్లు రాయవచ్చో జాబితా వేస్తారు, అది ఏటా మారుతుంది. కాబట్టి ఈ రెండింటినీ నమ్ముకుని అప్పు చేయకండి. ఈ చదువు నిజంగా అక్కరకొచ్చేది మూడుచోట్ల: ఢిల్లీ, జైపూర్ వంటి చోట్ల వాణిజ్య విధానాల మీద పనిచేసే పరిశోధన సంస్థల్లో, ఎగుమతి సంఘాల్లో, విదేశీ నిబంధనలకు లెక్కలు చూపించాల్సిన కంపెనీల్లో. మూడోది వేగంగా పెరుగుతోంది. కారణం కింద మన జిల్లాల ఉదాహరణతోనే తెలుస్తుంది.

ఇక చదువు సంగతి. సుప్రానేషనల్ అంటే దేశాల పైన ఉండి వాటినీ కట్టడి చేసే అధికారం. దేశాలు కూర్చుని మాట్లాడుకునే ప్రతి వేదికా సుప్రానేషనల్ కాదు. సార్క్‌ను చూడండి. 1985 నాటి చార్టర్ పదో అధికరణ ప్రకారం ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవంగా జరగాలి, ఇద్దరి మధ్య వివాదాలను అసలు చర్చకే తీసుకోకూడదు. ఒక్క దేశం కాదంటే పని ఆగిపోతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలోనూ నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే. ఐరోపా సమాఖ్యలో అలా కాదు. మంత్రుల మండలిలో చాలా అంశాలకు 27 దేశాల్లో 15 ఒప్పుకుని, వాటి జనాభా సమాఖ్య మొత్తం జనాభాలో 65 శాతం ఉంటే చాలు, వద్దన్న దేశం కూడా అమలు చేయాల్సిందే. అడ్డుకోవాలంటే కనీసం నాలుగు దేశాలు కలవాలి. ఇలా కాదన్నవాడినీ కట్టిపడేసే అధికారం ఎక్కడుంది, ఎవరిచ్చారు, దాన్ని ఎవరు ప్రశ్నించగలరు అన్నదే ఈ కోర్సు మొత్తానికీ మూలం.

గజపతి జిల్లా, శ్రీకాకుళం వైపు వాళ్లకు ఇది వంశధార నది నీళ్ల తగువుతో సులువుగా అర్థమవుతుంది. ట్రిబ్యునల్ 2017లో ఇచ్చిన తీర్పు ఒడిశాకూ ఆంధ్రాకూ వర్తిస్తుందంటే, వాటి పైన రాజ్యాంగంలోని 262వ అధికరణ, 1956 నాటి అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం ఉన్నాయి కాబట్టి. దేశాల పైన అలాంటి రాజ్యాంగం లేదు. ఉన్నవి ఒప్పందాలే. ఆ ఒప్పందాలకు రాజ్యాంగమంత బలం ఎలా వచ్చిందో చెప్పేవి లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 1963లో వాన్ గెండ్ ఎన్ లోస్ కేసులో, 1964లో కోస్టా కేసులో ఇచ్చిన తీర్పులు. మొదటిది, సమాఖ్య చట్టం ఆధారంగా మామూలు మనిషి తన దేశ కోర్టుకే వెళ్లవచ్చంది. రెండోది, దేశ చట్టంతో తగువు వస్తే సమాఖ్య చట్టానిదే పైచేయి అంది. వెళ్లేలోపు ఈ రెండు తీర్పులూ పూర్తిగా చదవండి. రెండూ చిన్నవే.

మొదటి సెమిస్టర్‌లో మనవాళ్ల మార్కులు పోయేది ఎక్కువగా పేర్ల దగ్గర. యూరోపియన్ కౌన్సిల్ అంటే దేశాధినేతల సమావేశం. కౌన్సిల్ ఆఫ్ ది యూరోపియన్ యూనియన్ అంటే చట్టాల మీద ఓటువేసే మంత్రుల మండలి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అసలు ఐరోపా సమాఖ్యకు చెందిందే కాదు. 1949లో పుట్టిన ఆ వేరే సంస్థలో 46 దేశాలున్నాయి, స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు దానిదే. పరీక్షలో ఈ మూడూ కలిపేస్తే తర్వాత రాసిన వాదన ఎంత బాగున్నా నిలబడదు.

సిద్ధపడడానికి నా సలహా ఒక్కటే. లావుపాటి పాఠ్యపుస్తకాలతో కుస్తీ పట్టకండి. ఒక చట్టాన్ని తీసుకుని, పుట్టిన చోటు నుంచి మీ జిల్లాలో నేల తాకే చోటు దాకా వెంటాడండి. అడవుల నరికివేతపై ఐరోపా సమాఖ్య 2023లో చేసిన 1115 నంబరు రెగ్యులేషన్ మీకు సరిగ్గా సరిపోతుంది. అది పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప, వాటితో చేసిన సరుకులకు వర్తిస్తుంది. కొరాపుట్ కాఫీ ఆ జాబితాలో ఉన్నట్టే.

యూర్-లెక్స్ అనే అధికారిక వెబ్‌సైటులో ఆ చట్టం ఉచితంగా దొరుకుతుంది. అక్కడ ప్రతి పత్రానికీ సెలెక్స్ నంబరు ఉంటుంది. దీనిది 32023ఆర్1115. మొదటి 3 అంటే చట్టం, తర్వాత సంవత్సరం, ‘ఆర్’ అంటే రెగ్యులేషన్, చివరిది వరుస సంఖ్య. ‘ఆర్’ బదులు ‘ఎల్’ ఉంటే డైరెక్టివ్. రెగ్యులేషన్ అన్ని దేశాల్లోనూ నేరుగా చట్టమే. డైరెక్టివ్ అయితే లక్ష్యం మాత్రం చెబుతుంది, ఆ మేరకు ప్రతి దేశమూ సొంత చట్టం చేసుకోవాలి. నంబరు 0తో మొదలైతే అది సవరణలన్నీ కలిపిన ప్రతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ చట్టం 2024 డిసెంబర్ 30 నుంచి అమలు కావాల్సింది, ఆ తేదీ సవరణలతో వెనక్కి జరిగింది. 2023 ప్రతి మాత్రమే చదివి వ్యాసం రాసినవాళ్ల తేదీలన్నీ తప్పే.

తర్వాత ఆ చట్టం మొదటి వాక్యం చూడండి. సమాఖ్య ఒప్పందంలోని ఏ అధికరణ ఆధారంగా చేస్తున్నారో అక్కడ రాసి ఉంటుంది. ఇక్కడ ఉన్నది పర్యావరణానికి సంబంధించిన 192వ అధికరణ. వాణిజ్యానికి సంబంధించింది 207. సరిహద్దు దగ్గర సరుకును ఆపే చట్టాన్ని పర్యావరణ చట్టంగా ఎందుకు రాశారు? ఈ ఒక్క ప్రశ్నతో మంచి సెమినార్ పేపర్ అవుతుంది. మన దేశం, బ్రెజిల్, ఇండోనేషియా ఈ చట్టాన్ని ఎందుకు తప్పుపట్టాయో కూడా దాంతోనే అర్థమవుతుంది.

అక్కడి నుంచి వెనక్కి నడవండి. కమిషన్ ప్రతిపాదన 2021 నవంబర్‌లో వచ్చింది, నంబరు కామ్ 2021-706. దానితోపాటే ప్రభావ అంచనా పత్రం ఉంటుంది. ఏయే ప్రత్యామ్నాయాలు చూశారో, దేన్ని ఎందుకు వదిలేశారో అందులో ఉంటుంది. నా లెక్కలో ఈ మొత్తంలో చదవాల్సిన అసలు పత్రం అదే. యూరోపియన్ పార్లమెంటు నడిపే లెజిస్లేటివ్ అబ్జర్వేటరీ వెబ్‌సైటులో ఏ కమిటీ ఏ సవరణ పెట్టిందో, ఏది పోయిందో తేదీలతో సహా కనిపిస్తుంది. పార్లమెంటు 2023 ఏప్రిల్ 19న ఆమోదించింది, అదే ఏడాది జూన్ 29న అది చట్టంగా అమల్లోకొచ్చింది; దిగుమతిదారుల మీద బాధ్యతలు మొదలయ్యే తేదీ మాత్రం పైన చెప్పినట్టు వేరు.

ఇప్పుడు ముందుకు, అంటే కొరాపుట్ దాకా. ఆ చట్టం మూడో అధికరణ మూడు షరతులు పెడుతుంది: 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండించి ఉండకూడదు, పండించిన దేశపు చట్టాలకు లోబడి పండించాలి, వీటిని పరిశీలించామంటూ దిగుమతిదారు ప్రకటన ఇవ్వాలి. ప్రతి పొలానికీ అక్షాంశ రేఖాంశాలు కనీసం ఆరు దశాంశ స్థానాల దాకా కావాలి. నాలుగు హెక్టార్ల లోపు పొలానికి ఒక బిందువు చాలు, దాటితే చుట్టూ సరిహద్దు గీత మొత్తం ఇవ్వాలి. కొరాపుట్‌లో కాఫీ పండించేవాళ్లలో చాలామంది చిన్న గిరిజన రైతులు కాబట్టి బిందువు తీసుకోవడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా రెండో షరతుతోనే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్లు ఒక రకం, దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకో రకం. బ్రస్సెల్స్‌లో ‘చట్టబద్ధం’ అని రాసిన ముక్క ఇక్కడ గ్రామసభ తీర్మానం, తహసీల్దారు రికార్డుల మీద ఆధారపడుతుంది. ఐరోపా విద్యార్థికి ఇది ఫుట్‌నోట్‌లో కూడా కనబడదు. మీకు బస్సెక్కితే కనబడుతుంది.

ఇదే పద్ధతిలో కార్బన్ సరిహద్దు పన్ను, అంటే సరుకు తయారీలో వెలువడిన కార్బన్ ఉద్గారాలను బట్టి దిగుమతి మీద పడే రుసుము, చూడండి. అది 2023లోని 956 నంబరు రెగ్యులేషన్. 2023 అక్టోబర్ నుంచి లెక్కలు చెప్పడం మాత్రమే ఉండేది, 2026 జనవరి 1 నుంచి అసలు దశ మొదలైంది. చట్టం ప్రకారం సర్టిఫికెట్లు కొనాల్సింది అక్కడి దిగుమతిదారు, కానీ ఉద్గారాల లెక్క ఇవ్వాల్సింది ఇక్కడి ఫ్యాక్టరీ. మొదటి అనుబంధంలో కస్టమ్స్ కోడ్‌ల వారీగా సరుకుల జాబితా ఉంటుంది. మీ జిల్లాలోని తెరుబలిలో తయారయ్యే ఫెర్రోక్రోమ్ అందులో ఉంది, ఫెర్రోసిలికాన్ లేదు. అల్యూమినియం లోహం ఉంది, దామన్‌జోడి, కాశీపూర్ రిఫైనరీల నుంచి వచ్చే అల్యూమినా పొడి లేదు. ‘మన ఖనిజ పరిశ్రమ మీద ఐరోపా పన్ను’ అని ఒక్క ముక్కలో రాసేస్తే ప్రొఫెసర్ ఆ అనుబంధం తెరిచి చూపిస్తారు. పైన చెప్పిన మూడో రకం ఉద్యోగాలు పుడుతున్నది కూడా ఈ కోడ్‌ల దగ్గరే.

ఇలా ఒక చట్టాన్ని ఆరు పేజీల్లో రాసి పెట్టుకుంటే, అప్లికేషన్‌లోని స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కు సరుకు దొరుకుతుంది. ‘చిన్నప్పటి నుంచీ ప్రపంచానికి సేవ చేయాలని’ అనే వాక్యాలను ఎంపిక కమిటీలు వందల్లో చూస్తాయి. అవి తీసేసి, మీరు ఏ చట్టం చదివారో, ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదో, ఆ విశ్వవిద్యాలయంలో ఏ మాడ్యూల్ దానికి పనికొస్తుందో రాయండి. కోర్సు పేరు చూసి మోసపోవద్దు, మాడ్యూల్ హ్యాండ్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోండి. సమాఖ్య చట్టం, గణాంక పద్ధతులు రెండూ తప్పనిసరి పాఠాలుగా లేకపోతే, ఆ కోర్సు మామూలు అంతర్జాతీయ సంబంధాలే అనుకోవచ్చు.

అర్హత లెక్కలో రెండు చిక్కులున్నాయి. ఒకటి ఈసీటీఎస్ క్రెడిట్లు, అంటే ఐరోపా విశ్వవిద్యాలయాలు చదువు భారాన్ని కొలిచే లెక్క. ఏడాదికి 60, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. మూడేళ్ల డిగ్రీని సాధారణంగా 180గా చూస్తారు. కానీ చాలా జర్మన్ కోర్సులు ఆ 180లో రాజనీతి శాస్త్రానికి ఇన్ని, పద్ధతులకు, ఆర్థిక శాస్త్రానికి ఇన్ని అని విడిగా అడుగుతాయి. మార్కుల జాబితాలో ‘పేపర్ 7’ అని మాత్రమే ఉంటే వాళ్లకు ఏమీ తెలియదు. సిలబస్ మొత్తం ప్రింటు తీసి, కాలేజీ ముద్ర వేయించుకుని పెట్టుకోండి. ఇంకా ఒక సెమిస్టర్ మిగిలి ఉంటే ఎలెక్టివ్‌గా గణాంకాలు గానీ ఎకనామిక్స్ గానీ తీసుకోండి.

రెండోది గ్రేడు మార్పిడి. జర్మనీలో వాడే సూత్రంలో గరిష్ఠ గ్రేడు నుంచి మీ గ్రేడు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలుపుతారు. పదికి 7 వచ్చి పాస్ గ్రేడు 4 అయితే ఫలితం 2.5. అదే 7కు పాస్ గ్రేడు 5 అనుకుంటే 2.8 అవుతుంది. అక్కడ అంకె తగ్గేకొద్దీ మంచిది, చాలా కోర్సుల గీత 2.5 దగ్గరే ఉంటుంది. అందుకే పాస్ గ్రేడు ఎంతో స్పష్టంగా రాసిన పత్రం విశ్వవిద్యాలయం నుంచి ముందే తీసుకోండి. భారతీయ డిగ్రీలకు, అవి అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. దానికి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోకపోతే సీటు వచ్చినా వీసా అందదు.

పేరు విషయంలో మన తెలుగు ఇళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీలో చివర పూర్తిగా, పాస్‌పోర్టులో ముందు పూర్తిగా ఉంటుంది. మూడింటినీ పాస్‌పోర్టుకు సరిపెట్టుకోండి, కుదరకపోతే అఫిడవిట్ చేయించండి. జర్మన్ కాన్సులేట్ల పరిధి నివాసాన్ని బట్టి ఉంటుంది. ఒడిశా కోల్‌కతా కింద వస్తుంది. హైదరాబాద్‌లో చుట్టాలున్నారని వాళ్ల చిరునామా పెట్టకండి.

డబ్బు: జర్మనీకైతే బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమచేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ఫీజు నామమాత్రం. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం బయటి దేశాలవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. వాటి దరఖాస్తులు ఎక్కువగా అక్టోబర్, జనవరి మధ్యే ముగుస్తాయి. స్కాలర్‌షిప్ రాకపోతే అప్పుతో తొందరపడకండి. పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ రాసి జేఎన్‌యూ వంటి చోట ఎంఏ చేసి, తర్వాత వెళ్లినవాళ్లు నష్టపోలేదు.

చివరి సెమిస్టర్ థీసిస్‌కు సాధారణంగా 30 క్రెడిట్లు. మీకు తెలుగు, ఒడియా వచ్చు, కొరాపుట్ వైపు మాట్లాడే దేశియ కూడా అర్థం చేసుకోగలరు. కొరాపుట్‌లో రైతులతో మాట్లాడాలనుకుంటే, మొదటి ఇంటర్వ్యూకు ముందే విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి. తర్వాత తెచ్చుకుంటే అప్పటిదాకా సేకరించినది వాడుకోనివ్వరు. ఇంగ్లీషు సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించడం కమిటీలకు నచ్చదు. ఏం అడుగుతారో, పేరు బయటకు రాదని, ఎప్పుడైనా మానేయవచ్చని వాళ్ల భాషలో చెప్పి, ఒప్పుకున్నట్టు గొంతు రికార్డు చేస్తామని దరఖాస్తులోనే రాయండి. పొలం అక్షాంశ రేఖాంశాలు కూడా వ్యక్తిగత సమాచారం కిందికే వస్తాయి. థీసిస్ అనుబంధంలో వాటిని ఆరు దశాంశాలతో అచ్చు వేయకండి, పంచాయతీ పేరు దగ్గర ఆగిపోండి.