జపాన్ రాత్రి నిఘా ఫ్లయింగ్ బోట్ అంత నెమ్మదిగా ఎందుకు ఎగిరేది?

జపాన్ నౌకాదళపు ఐచి ఈ10ఏ, అంటే నీటి మీద దిగే రాత్రి నిఘా విమానం (ఫ్లయింగ్ బోట్), గంటకు 206 కిలోమీటర్లు మించి పోలేదు, 1936లో ఇలాంటిదాన్ని నౌకాదళం ఎందుకు తీసుకుంది అని అడిగారు. ఆ నెమ్మది లోపం కాదు, కావాలని చేయించుకున్నది.

లెక్క టార్పెడో (నీటిలో దూసుకెళ్లి నౌకను పేల్చే ఆయుధం) దగ్గర మొదలవుతుంది. 1922 వాషింగ్టన్ ఒప్పందంలో పెద్ద యుద్ధనౌకల వాటా అమెరికాకు 5 పాళ్లయితే జపాన్‌కు 3. ఆ లోటును రాత్రి టార్పెడో దాడులతో పూడ్చుకోవాలన్నది జపాన్ పథకం. జపాన్ టైప్ 93 టార్పెడో 48 నాట్‌ల (గంటకు దాదాపు 89 కి.మీ.) వేగంతో 20 కి.మీ. పోవడానికి పదమూడున్నర నిమిషాలు పడుతుంది. 20 నాట్‌లతో సాగే శత్రునౌక ఆలోపు 8 కి.మీ. పైనే జరిగిపోతుంది. దాని దిశను 5 డిగ్రీలు తప్పుగా అంచనా వేస్తే, అది ఉండాల్సిన చోటు 700 మీటర్లు తప్పుతుంది. వేగంలో ఒక్క నాట్ తేడాకే 400 మీటర్లు. నౌకల మీద రాడార్ లేని రోజులవి. శత్రువు మలుపు తిరిగిన ప్రతిసారీ వైర్‌లెస్‌లో చెప్పే కన్ను గంటల తరబడి పైన ఉండాలి.

20 నాట్‌లంటే గంటకు 37 కి.మీ. దాని వెంట వేగంగా పోయే విమానం చుట్లు కొడుతూనే ఉండాలి. ప్రతి చుట్టులోనూ కాసేపు నౌక వెనకపడుతుంది, చీకట్లో దాని నీటిచాలు మళ్లీ దొరక్కపోవచ్చు. అందుకే నెమ్మదిగా ఎగరడానికి 15.5 మీటర్ల రెక్కలతో బైప్లేన్ (ఒకదానిపై ఒకటి రెండు వరసల రెక్కలున్న విమానం). బ్రిటన్ కూడా 1937లో ఇదే పనికి 38 నాట్‌ల వేగంతో ఆరు గంటలు ఎగరగల విమానం కావాలంది. నమూనాలు ఎగిరేసరికి 1940 అయింది, విమానాల్లో పెట్టే రాడార్ వచ్చి ఆ అవసరమే పోయింది.

వెన్నెల ఉంటే చంద్రుడికీ విమానానికీ నడుమ శత్రునౌక ఉండేలా చూసుకోవాలి. మెరిసే నీటి మీద నౌక నల్లగా కనిపిస్తుంది, విమానం చీకటి వైపు ఉండిపోతుంది. ఈ10ఏకు నల్లరంగు వేసింది కూడా అందుకే.

ఇంజిన్ విమానాన్ని వెనకనుంచి తోసే పుషర్ కావడానికి మంచి కారణమే ఉంది. ప్రొపెల్లర్ వెనక ఉంటే ముందున్నవాళ్ల చూపుకు అడ్డం ఉండదు. ఎగ్జాస్ట్ మంట కళ్లముందు వెలగదు. చీకటికి అలవాటుపడిన కన్ను ఒక్క వెలుగుకు చెదిరితే మళ్లీ కుదురుకోవడానికి అరగంట పట్టొచ్చు. నీటి తుంపర ప్రొపెల్లర్ అంచుల్ని తినేస్తుంది కాబట్టి ఇంజిన్‌ను ఎత్తులో పెట్టాలి.

ఆ ఎత్తుతోనే చిక్కు. ఇంజిన్ తోసే బలం విమానం బరువు కేంద్రానికి పైన ఉంటుంది గనుక థ్రాటిల్ (ఇంజిన్ పవర్‌ను మార్చే మీట) పెంచితే ముక్కు కిందికి వంగుతుంది, తగ్గిస్తే పైకి లేస్తుంది. మామూలు విమానం అలవాటుతో నీటికి దగ్గరలో ఒక్కసారిగా పవర్ ఇస్తే ముక్కు నీళ్లలో దిగబడుతుంది. పైగా రాత్రి, అల లేని నీటి మీద దిగేటప్పుడు ఎత్తు కంటికి అందదు. చూసి ముక్కు ఎత్తుదామనుకుంటే పొరపాటే. కొంచెం పవర్ ఉంచి, ముక్కును ఒకే కోణంలో నిలిపి, సెకనుకు ముప్పావు మీటరు చొప్పున దిగుతూ, విమానం అడుగుభాగం నీటిని తాకేదాకా ఏదీ కదపకూడదు. తాకాకే థ్రాటిల్ మూయాలి.