పరాయి యుద్ధంలో జోక్యం ధర్మమేనా?

ప్రశ్న: ఒక దేశంలో సాగుతున్న యుద్ధంలోకి మరో దేశం సైన్యాన్ని పంపడం నైతికంగా సమర్థనీయమేనా? ప్రజలను కాపాడడానికే వచ్చామని చెప్పేవారిని ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: ఐక్యరాజ్యసమితి నిబంధనావళి ప్రకారం ఆత్మరక్షణకో, భద్రతామండలి అనుమతితోనో తప్ప మరో దేశంపై బలప్రయోగం చేయరాదు. అయితే చట్టం కాదన్నదల్లా అధర్మమని చెప్పలేము. 1978 డిసెంబరులో కంబోడియాపై దండెత్తిన వియత్నాం, లక్షలాది మంది మరణాలకు కారణమైన ఖ్మేర్ రూజ్ పాలనను కొద్ది రోజుల్లోనే కూలదోసింది. సరిహద్దు దాడులను అరికట్టడమే దాని ప్రధాన ఉద్దేశమైనా, ఫలితంగా మారణకాండ ఆగింది. ఆ సైన్యం 1989 దాకా అక్కడే తిష్ఠ వేసిందన్నది మరో సంగతి; అదేమీ చిన్న సంగతి కాదు.

ఇక 1994లో రువాండాలో సామూహిక హత్యలు సాగుతుండగానే భద్రతామండలి అక్కడి శాంతిసేనను పెంచడానికి బదులు తగ్గించింది. చేతులు ముడుచుకుని కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే కనుక, దానికీ జవాబుదారీ ఉండాలి.

సామూహిక హత్యలు జరుగుతున్నప్పుడో, తప్పవని స్పష్టంగా తెలిసినప్పుడో, ఇతర మార్గాలు మూసుకుపోతే జోక్యం సమర్థనీయమేనని నా అభిప్రాయం. కానీ 2011లో లిబియాలో పౌరుల రక్షణకు లభించిన అనుమతి, నాటో దాడులతో గడాఫీ ప్రభుత్వాన్ని కూల్చే పనిగా మారింది. తర్వాత దేశం సాయుధ ముఠాల పాలైంది. కూల్చినవారికి ఆ తర్వాతి బాధ్యత ఉండదా?

నమ్మకం విషయానికి వస్తే, మాటలను పక్కనపెట్టి, జోక్యానికి దిగుతున్న ప్రభుత్వం ఆ యుద్ధం నుంచి పారిపోయి వచ్చే శరణార్థులను రానిస్తోందా, పోరాడుతున్న పక్షాల్లో దేనికైనా ఆయుధాలు అమ్ముతోందా అన్నది ముందు చూడండి.