ఒకే సాధన, మూడు వయసులు: ఇంట్లోవాళ్లను ఆపించాలా?

ప్రశ్న: నా వయసు 43. రెండేళ్లుగా స్ప్రింట్ ట్రయథ్లాన్ (750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైక్లింగ్, 5 కిలోమీటర్ల పరుగు) చేస్తున్నాను. నన్ను చూసి ఇంట్లోవాళ్లూ మొదలుపెట్టారు. మా అబ్బాయికి 12 ఏళ్లు. నెలరోజులుగా పరుగెత్తాక మోకాలి చిప్పకు కాస్త కింద నొప్పి అంటున్నాడు, అక్కడ ఎముక ఉబ్బినట్టుంది. నా భార్య నా సైకిలే తొక్కుతోంది, ఆమెకు మోకాలి వెనక లాగుతోంది. మా నాన్నగారికి 67, బీపీకి అటెనొలాల్ వాడుతున్నారు. వాచీలో గుండె వేగం 105 దాటడం లేదని ఇంకా గట్టిగా పరుగెత్తుతున్నారు. వీళ్లను ఆపించాలా?

జవాబు: ముందు మీ నాన్నగారి పరుగు ఆపించండి. అటెనొలాల్ చేసే పనే గుండె వేగాన్ని తగ్గించడం, కాబట్టి ఎంత శ్రమపడినా ఆ అంకె పెద్దగా పెరగదు. గుండె గరిష్ఠ వేగాన్ని అంచనా వేయడానికి 220లోంచి వయసు తీసేసే లెక్కన ఆయనకు 153 రావాలి. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. ఓసారి డాక్టరుకు చూపించి, ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యేదాకా నడక చాలు. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, రెండు మాటలకోసారి ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టే. మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు మెల్లగా నడవాలి, ఉన్నట్టుండి ఆగితే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. అంకె పెరగాలని మాత్ర మానేయడం మరీ ప్రమాదం. హఠాత్తుగా మానేస్తే బీపీ ఎగబాకి గుండెపోటు కూడా రావచ్చు. నడుస్తున్నప్పుడు ఛాతీ బిగిసినా, దవడ, ఎడమ చేయి లాగినా ఆసుపత్రికే తీసుకెళ్లండి.

అబ్బాయిది చాలావరకు ఓస్‌గుడ్-ష్లాటర్ సమస్యలా ఉంది. ఎదిగే వయసులో మోకాలి కింద ఎముక అంచు ఇంకా మృదువుగా ఉంటుంది. తొడ ముందు కండరం పరుగులో, గెంతులో దాన్ని పదేపదే లాగుతుంటే వాపు, నొప్పి వస్తాయి. మీలాగే సైకిల్ దిగగానే పరుగందుకుంటున్నాడా? అలసి బిగిసిన కండరం ఇంకా గట్టిగా లాగుతుంది, నొప్పి తగ్గేవరకు ఆ సాధన వద్దు. పరుగు, గెంతులు కొన్ని వారాలు మాన్పించండి. ఈత కొట్టొచ్చు. నొప్పి లేకపోతే తేలిక గేరులో సైకిలూ తొక్కొచ్చు. సాధన తర్వాత ఐసును గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు పెట్టండి. మడమ పిరుదుకు తగిలేలా కాలు మడిచి తొడ కండరాన్ని 30 సెకన్ల చొప్పున మూడుసార్లు సాగదీయించండి. మెట్లు దిగినా, గొంతుక్కూర్చున్నా నొప్పి లేదంటేనే మళ్లీ పరుగు: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున నొప్పి ఉంటే ఒక మెట్టు వెనక్కి రండి. ఈ వయసులో వారానికి 12 గంటలకు మించిన సాధన వద్దు, ఒకరోజు పూర్తి విశ్రాంతి తప్పనిసరి. ఎదుగుదల ఆగాక సాధారణంగా నొప్పి పోతుంది, బొడిపె మాత్రం మిగలొచ్చు, దాంతో చాలామందికి ఇబ్బంది ఉండదు.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఈ వయసులో తుంటి జబ్బు కూడా మోకాలి నొప్పిలా కనిపిస్తుంది. కుంటుతున్నా, పాదం బయటికి తిరిగి ఉన్నా, రాత్రిపూట నొప్పికి మెలకువ వచ్చినా, జ్వరం ఉన్నా వెంటనే ఎముకల డాక్టరుకు చూపించి తుంటికి ఎక్స్‌రే తీయించండి. తుంటి దగ్గర తొడ ఎముక తల జారిపోతుంటే ఆలస్యం మంచిది కాదు, ఎక్స్‌రే తీసేవరకు ఆ కాలిమీద బరువు వేయనివ్వొద్దు.

మీ ఆవిడ సమస్య సీటు ఎత్తు వల్లనే కావచ్చు. మీరు ఆమెకన్నా పొడుగైతే, ప్రతి తొక్కుకీ కాలు అందక నడుము పక్కలకు ఊగుతుంది, మోకాలి వెనక కండరాలు లాగుతాయి. ఆమెను సీటుమీద కూర్చోబెట్టి, పెడల్‌ను అడుగుకు దింపి మడమ ఆనించమనండి. మోకాలు అప్పుడే తిన్నగా కావాలి. ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా మడిచి ఉంటుంది. ఒకసారికి 5 మిల్లీమీటర్లే దించండి. మరీ దించితే నొప్పి మోకాలి ముందుకు మారుతుంది. సరిపోయిన ఎత్తు దగ్గర సీటు గొట్టంమీద టేపుతో గుర్తు పెట్టుకోండి, మీరు తొక్కిన ప్రతిసారీ అది మారిపోతుంది.