ఫిల్టరు కొనేముందు: కుళాయి నీళ్ళ మీద మీ ప్రశ్నలు

విజయవాడకైనా గుంటూరుకైనా మున్సిపల్ తాగునీరు ప్రధానంగా కృష్ణ నుంచే వస్తుంది. శుద్ధి కేంద్రంలో పటికతో మట్టిని పేరబెట్టి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి వదులుతారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు "ఏ ఫిల్టరు కొనమంటారు?" అనే అడిగాయి. మీ ఇంట్లోకి వచ్చే నీళ్ళలో ఉన్నది ఉప్పా, క్రిమా, మట్టా అన్నది తేలితే ఆ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ప్రశ్న: మాది పటమట, మున్సిపల్ కుళాయి. ఫిల్టర్లు అమ్మే అబ్బాయి వచ్చి మా నీళ్ళ టీడీఎస్ 290 అన్నాడు. ఒక గ్లాసులో మా నీళ్ళు, ఇంకో గ్లాసులో ఆర్ఓ నీళ్ళు పోసి కరెంటు కడ్డీలు పెట్టాడు. మా నీళ్ళు తుప్పు రంగు తిరిగి పైన తెట్టు కట్టాయి. అది చూశాక మా అత్తగారు కుళాయి నీళ్ళు ముట్టడం లేదు. ఆర్ఓ తప్పదా అండీ?

జవాబు: ఆ తెట్టు మీ నీళ్ళలోది కాదు, కడ్డీది. ఆ పరికరంలో ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల కరెంటు పారి, ఆ ఇనుమే కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్ఓ నీళ్ళలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, నీళ్ళు తేటగా ఉంటాయి. ఈసారి వస్తే అతని ఆర్ఓ గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి కడ్డీలు పెట్టమనండి. అదే తెట్టు అందులోనూ కడుతుంది. మీ అత్తగారి ఎదుటే చేయించండి.

టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతి. మీ 290కి ఉప్పు తీసే ఆర్ఓ యంత్రం అక్కర్లేదు. ఇళ్ళలో వాడే ఆర్ఓ ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు కాలువలోకి వదులుతుంది. 500 లోపు టీడీఎస్ ఉన్న చోట ఆర్ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో చెప్పింది కూడా ఇందుకే.

అయితే టీడీఎస్ కొలిచే మీటరుకు క్రిములు కనబడవు. మురుగు కలిసిన కుళాయి నీళ్ళకు కూడా 300 చూపించగలదు. మీకు కావాల్సింది క్రిముల కోసం యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత దీపం), యూఎఫ్ (అతి సన్నని రంధ్రాల వడపోత పొర) రెండూ ఉన్న యంత్రం. ముందు మట్టిని ఆపే 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్పన్ ఫిల్టరు, తర్వాత క్లోరిన్‌ను, వాసనను తీసే కార్బన్, ఆ తర్వాత 0.01 మైక్రాన్ యూఎఫ్ పొర, చివర 11 వాట్ల యూవీ దీపం ఉందో లేదో చూసుకోండి. రెండూ ఎందుకంటే, యూఎఫ్ పొర బ్యాక్టీరియాను, అమీబా సిస్టులను (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే అమీబాలను) ఆపుతుంది, దాన్ని దాటే వైరస్‌ల పని యూవీ పడుతుంది. నీలం వెలుగు కనబడుతోంది కదా అని యూవీ దీపాన్ని ఏళ్ళ తరబడి ఉంచకండి. 8, 9 వేల గంటలు వెలిగాక వెలుగు ఉంటుంది గానీ చంపే శక్తి ఉండదు. రోజంతా వెలిగే రకమైతే ఏడాదికొకసారి మార్చాల్సిందే.

ఒక్క మినహాయింపు ఉంది. ల్యాబు రిపోర్టులో లీటరుకు ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు గానీ నైట్రేటు 45 మిల్లీగ్రాములు గానీ దాటి ఉంటే టీడీఎస్ తక్కువున్నా ఆర్ఓ పెట్టుకోవాలి. కృష్ణ నీళ్ళకు ఆ అవసరం సాధారణంగా రాదు, బోరు నీళ్ళకు వస్తుంది.

ప్రశ్న: పాత గుంటూరులో ఉంటాం. కుళాయి వదిలిన మొదటి పది నిమిషాలు నీళ్ళు పసుపుగా, మురుగు వాసనతో వస్తాయి. తర్వాత బాగానే ఉంటాయి. పట్టేటప్పుడు మొదటివి వదిలేస్తున్నాం. పెద్ద ఆర్ఓ పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మీది ఫిల్టరు సమస్య కాదు, గొట్టం సమస్య. 2018 మార్చిలో పాత గుంటూరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు తాగునీటి గొట్టాల్లో మురుగు కలవడం గురించే మాట్లాడుకున్నాం. మీ వీధిలో ఇప్పుడు జరుగుతున్నది అదే తీరు కావచ్చు.

మన ఊళ్ళలో నీళ్ళు రోజుకు కొద్ది గంటలే వస్తాయి. సరఫరా ఆగగానే గొట్టం ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. సైడు కాలువలో మునిగి ఉన్న పాత ఇనుప గొట్టానికి సూదిమొనంత చిల్లున్నా, వదులైన జాయింటున్నా అక్కడి మురుగు లోపలికి చేరుతుంది. మళ్ళీ నీళ్ళు వదలగానే ముందుగా వచ్చేది అదే. కుళాయికి నేరుగా మోటారు బిగించే ఇళ్ళున్న వీధిలో ఇది ఇంకా ఎక్కువ. నీళ్ళు వస్తున్న సమయంలో కూడా ఆ మోటారు గొట్టంలోకి కాలువ నీళ్ళను లాగుతుంది. లాగిన ఇంటికే కాదు, పక్కింటికీ ముప్పే. మీ ఇంట్లో మోటారు అలా ఉంటే ఇవాళే తీసేయండి. నీళ్ళు సంపులోకి వాటంతట అవి పడాలి, మోటారు సంపులోంచి పైకి తోడాలి.

లోపం ఎక్కడుందో మీరే చాలావరకు తేల్చవచ్చు. కుళాయి వచ్చే వేళకు మీ ఇంట్లో ఒక తెల్ల సీసా, పక్కింట్లో ఒకటి, ఎదురింట్లో ఒకటి మొదటి నిమిషంలోనే పట్టండి. మీ ఒక్కరిదే మురికిగా ఉంటే పెద్ద లైను నుంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు గొట్టంలోనే చిల్లు. ముగ్గురిదీ అలాగే ఉంటే వీధి లైనులో. మొదటిదైతే పాత ఇనుప గొట్టం పీకించి, కాలువ దాటే చోట జాయింటు లేకుండా ఒకే ముక్క హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు, అదీ కాలువ నీటి మట్టానికి పైనుంచి వేయించండి. రెండోదైతే సీసాలు పట్టుకుని వార్డు సచివాలయంలో ఎమెనిటీస్ సెక్రటరీకి (నీళ్ళు, కాలువల పనులు చూసే ఉద్యోగికి) రాతపూర్వకంగా ఇవ్వండి. ఇళ్ళ నంబర్లు, మురికి నీళ్ళు వచ్చిన సమయం రాస్తే తవ్వాల్సిన చోటు త్వరగా దొరుకుతుంది.

నీళ్ళు తేటపడ్డాక కూడా అనుమానం తీర్చుకోవాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసా అని దొరుకుతుంది. గీత వరకు నీళ్ళు పోసి మూత బిగించి, ఇంట్లో వెచ్చగా ఉండే చోట 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ఇంకొకటి క్లోరోస్కోప్, నీళ్ళలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూపే పరికరం. రసాయనం చుక్కలు వేశాక లేత పసుపు రావాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పసుపు అసలు రాకపోతే, దార్లో కలిసిన మురుగు క్లోరిన్‌ను తినేసిందనుకోవచ్చు. పరీక్ష చేసిన నీళ్ళు పారబోయండి, ఆ రసాయనం విషం.

బాగుచేసే వరకు ఆ నీళ్ళు ఏ యంత్రంలోనూ పోయొద్దు. మడ్డి నీళ్ళలో క్రిములు రేణువుల చాటున దాక్కుంటాయి, యూవీ వెలుగు వాటికి తగలదు. వేరేచోట నుంచి తెచ్చుకున్న నీళ్ళే తాగండి, అవీ కుతకుత ఉడికిన తర్వాత కనీసం ఒక నిమిషం మరగనిచ్చి. పాత్రలు కడగడానికి, కూరగాయలకు కూడా ఈ కుళాయి వద్దు. పళ్ళు తోముకునే నీళ్ళ సంగతి చాలామంది మరిచిపోతారు. టైఫాయిడ్, పచ్చకామెర్లు అలా కూడా వస్తాయి.

ప్రశ్న: సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సంపు మునిగింది. అప్పుడు హడావిడిగా కడిగించాం. వానాకాలం వస్తే మళ్ళీ గుబులు. సంపు పద్ధతిగా కడిగే తీరు చెప్పండి.

జవాబు: ముందు ప్రాణం జాగ్రత్త. మూసి ఉన్న సంపులోకి మూత తీయగానే దిగకూడదు. మురిగిన నీళ్ళున్న సంపులో ప్రాణం నిలిపేంత ప్రాణవాయువు ఉండకపోవచ్చు. మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషి తాడు పట్టుకుని ఉండగానే దిగాలి. దిగిన మనిషి పడిపోతే రక్షించబోయి పైవాళ్ళు దూకకూడదు. చేత్తో అందేంత ఉంటే పైనుంచే చీపురుతో తోమడం మేలు.

నీళ్ళు, అడుగున మడ్డి పూర్తిగా తోడేశాక గోడలు, మూత లోపలి వైపు బ్రష్‌తో రుద్ది కడిగి, ఆ నీళ్ళు కూడా తోడేయాలి. తర్వాత నిండా నీళ్ళు పట్టి, ప్రతి 1000 లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు వేయాలి. పొడిని నేరుగా కుమ్మరించకండి. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, అడుగుకు సున్నం దిగాక పైతేట మాత్రమే పోయండి. ఆ నీళ్ళనే మోటారుతో పై ట్యాంకుకు ఎక్కించి, ప్రతి కుళాయి వాసన వచ్చే వరకు తిప్పి కట్టేయండి. ఫిల్టరుకు వెళ్ళే వాల్వు మాత్రం ముందే మూయండి, ఆ ఘాటుకు ఆర్ఓ పొర కాలిపోతుంది. 12 గంటలు ఉంచి, అంతా తోడేసి, మంచి నీళ్ళతో రెండుసార్లు కడిగితే సరి. బ్లీచింగ్ వేసిన చోట యాసిడ్ పోస్తే విషవాయువు వస్తుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను ఆ రోజు బయటికే తీయకండి.

రోజువారీగా అయితే 1000 లీటర్లకు సుమారు 4 గ్రాములు, అంటే గీసిన టీస్పూను అంత, కలిపి అరగంట తర్వాత వాడాలి. బ్లీచింగ్ పౌడరు గాలి తగిలితే సత్తువ పోతుంది. ఘాటు వాసన లేని, ముద్దకట్టిన పొడి ఎంత వేసినా ప్రయోజనం ఉండదు. వరదకు సంపు మునిగే ప్రాంతం కాబట్టి, మూత చుట్టూ నేలకంటే అడుగు ఎత్తు గట్టు కట్టించి రబ్బరు వాషరున్న మూత పెట్టించండి. సెప్టిక్ ట్యాంకు ఆనుకుని ఉంటే సంపును అక్కడినుంచి మార్చడమే మంచిది.

ప్రశ్న: కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన. పిల్లలు తాగనంటున్నారు. ప్రమాదమా? (గవర్నర్‌పేట)

జవాబు: ఆ మోతాదులో ప్రమాదం లేదు, అది మీ నీళ్ళకు కాపలా. బిందెలో పట్టి పలచటి బట్ట కప్పి కొన్ని గంటలు ఉంచితే వాసన తగ్గుతుంది. కార్బన్ ఫిల్టరు వెంటనే తీసేస్తుంది. అయితే కార్బన్ దాటాక కాపలా ఉండదు, కాబట్టి యంత్రం ట్యాంకులో నీళ్ళు రోజుల తరబడి నిలవ ఉంచకండి. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాక మొదటి ట్యాంకెడు పారబోయండి.

ప్రశ్న: మా నాయనమ్మ చిల్లగింజ అరగదీసి వేస్తే చాలంటుంది. నిజమేనా?

జవాబు: వానాకాలపు ఎర్ర నీళ్ళు తేటపడటానికి చిల్లగింజైనా పటికైనా పనిచేస్తాయి. మట్టి పేరుకుని కింద చేరుతుంది, దానితో కొన్ని క్రిములూ దిగుతాయి. మిగిలినవాటి కోసం ఆ తేటను మరగబెట్టండి.

ప్రశ్న: గోరంట్లలో అపార్టుమెంటు. బోరు నీళ్ళు, టీడీఎస్ 1400. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. ఆర్ఓ పెట్టాం. ఎనిమిది నెలలకే నీళ్ళు సన్నగా వస్తున్నాయి. మెకానిక్ అన్నీ మార్చాలంటున్నాడు.

జవాబు: ఇక్కడ ఆర్ఓ సరైన ఎంపికే. అన్నీ ఒకేసారి మార్చనవసరం లేదు, ఒక్కొక్కటి చూద్దాం.

బయట గిన్నెలో ఉండే స్పన్ తీసి చూడండి. గోధుమ రంగు తిరిగి జిగురుగా ఉంటే ముందు అదొక్కటే మార్చి ధార చూడండి. దీనికి పెద్ద ఖర్చు కాదు. అప్పటికీ ధార పెరగకపోతే పొర దాకా వెళ్ళాలి. కొలతగ్లాసు ఒకటి మంచినీళ్ళ గొట్టం కింద, ఇంకోటి వృథా నీళ్ళ గొట్టం కింద ఒక నిమిషం పెట్టండి. 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల నీళ్ళిచ్చే) పొర కొత్తగా ఉన్నప్పుడు, సరైన ఒత్తిడిలో గంటకు 10, 12 లీటర్లు, అంటే నిమిషానికి 170 నుంచి 200 మిల్లీలీటర్లు ఇస్తుంది. చలికాలంలో కాస్త తక్కువ. వృథా నీళ్ళు మామూలుగానే ఉండి మంచినీళ్ళు సగానికి పడితే పొర మీద సున్నం పేరుకుందన్నమాట. రెండూ తగ్గితే ముందు ఫిల్టర్లు పూడాయి, లేదా పంపు బలహీనపడింది.

తర్వాత టీడీఎస్ చూడండి. 1400 లోపలికి వెళ్ళి బయటికి 140 లోపు వస్తుంటే పొర ఉప్పును పదింట తొమ్మిది వంతులు ఆపుతోంది, మార్చకండి. 300, 400 వస్తే రెండు కారణాలు. ఒకటి, టీడీఎస్ కంట్రోలర్ మర తెరిచి పెట్టారేమో. రుచి కోసమని అది పచ్చి బోరు నీటిని మంచినీళ్ళలో కలుపుతుంది. ఫ్లోరైడు, నైట్రేటు ఉన్న బోరైతే అవి కూడా కలుస్తాయి, అందుకే రిపోర్టు చూడకుండా దాన్ని తిప్పనివ్వకండి. పూర్తిగా మూసి కొలవండి. అప్పటికీ ఎక్కువే వస్తే పొర పోయినట్టే. ఆర్ఓ పొరను క్లోరిన్ తినేస్తుంది, కాబట్టి కార్బన్ అయిపోయాక కూడా ట్యాంకులో బ్లీచింగ్ వేస్తుంటే ఇలాగే అవుతుంది. కొత్త పొర వేయించేటప్పుడు కార్బన్ కూడా మార్చాలి, లేకపోతే కొత్తది కూడా పోతుంది.

యంత్రం ఆగినా వృథా నీళ్ళు కారుతూనే ఉంటే అది సోలెనాయిడ్ వాల్వు (యంత్రం ఆగగానే నీళ్ళను కట్టేసే కరెంటు వాల్వు) లోపం, పొరది కాదు. వాల్వు ఒక్కటి మారిస్తే చాలు. కొత్త కార్బన్ పెట్టాక మొదటి పది లీటర్లు నల్లటి పొడితో రావచ్చు, పారబోయండి.

వృథా నీళ్ళ టీడీఎస్ మీ ఇంట్లో సుమారు 1800 నుంచి 2000 దాకా ఉంటుంది. బాత్‌రూమ్‌లో పోయడానికి, నేల తుడవడానికి పట్టుకోండి. కుండీ మొక్కలకు రోజూ పోస్తే మట్టి చౌడుబారుతుంది. పప్పు మాత్రం ఆర్ఓ నీళ్ళలోనే ఉడకబెట్టండి, కుక్కరు కూతలు తగ్గుతాయి.