కుందేళ్లను అడవిలో వదిలేయవచ్చా?

ప్రశ్న: తిరిగి కొంటామని ఒక కంపెనీ వాళ్లు చెబితే నమ్మి న్యూజిలాండ్ వైట్ కుందేళ్లు పెట్టాను. ఇప్పుడు వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. పిల్లలు పుడుతూనే ఉన్నాయి, దాణా ఖర్చు మోయలేకపోతున్నాను. ఊరి పక్కనే కౌండిన్య అడవి. అక్కడ వదిలేస్తే వాటి బతుకు అవే బతుకుతాయని మావాళ్లు అంటున్నారు. ఏనుగులు కూడా బయటి నుంచి వచ్చినవే కదా, కుందేళ్లు వెళితే తప్పేమిటి? – ఒక రైతు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: దయచేసి వదలకండి. మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. ఇలాంటి మాట నమ్మి నష్టపోయింది మీరొక్కరే కాదు.

మీ పొలం గట్టున కనిపించే అడవి కుందేలు, మీ బోనులోని కుందేలు ఒకే జాతి కావు. అడవి కుందేలు పిల్ల ఒంటినిండా వెంట్రుకలతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది. మీ గూటి పెట్టెలో చూసే ఉంటారు: వేలెడంత గులాబీ రంగు పిల్లలు, ఒంటిమీద నూగు కూడా ఉండదు, పది రోజుల దాకా కళ్లు తెరవవు. తల్లి తన బొచ్చు పీకి కప్పితేనే బతుకుతాయి. పెద్దవాటికేమో చీకట్లోనూ కనబడే తెల్లటి ఒళ్లు. నక్కలు, ఊరకుక్కలు ఎన్నాళ్లు మిగలనిస్తాయి? పెంచిన జీవాన్ని ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఎలాగూ చచ్చిపోతాయి, అడవికేం నష్టం అంటారేమో. ఆస్ట్రేలియాకు 1788లో తొలి ఓడల్లోనే పెంపుడు కుందేళ్లు వెళ్లాయి. 70 ఏళ్ల పాటు పెద్ద ముప్పేమీ రాలేదు. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి, మీ బోనులోని జాతే అయినా అడవిలో బతికే రకం రక్తం ఉన్న 24 కుందేళ్లు తెప్పించుకున్నాడు. విక్టోరియాలోని అతని ఎస్టేటు నుంచి అవి ఖండంలో చాలా భాగానికి పాకడానికి యాభై ఏళ్లు చాలాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901లో మొదలుపెట్టి 1,800 కిలోమీటర్లకు పైగా కంచె వేశారు. అది పూర్తికాకముందే కుందేళ్లు అవతలికి చేరాయి. 1950లో మిక్సోమాటోసిస్ వైరస్ వదిలితే మొదట కుప్పలుగా చచ్చాయి, తర్వాత తట్టుకున్నవి మిగిలి మళ్లీ పెరిగాయి. అక్కడి గొర్రెల రైతులు పచ్చిక బీళ్ల కోసం నేటికీ వాటితో పోరాడుతున్నారు. ఏ విడత వదిలినవి నిలదొక్కుకుంటాయో ముందుగా చెప్పగలిగినవాళ్లు లేరు. అందుకే నేను ఇంత గట్టిగా వద్దంటున్నాను.

ఏనుగుల మాట వేరు. 1980లలో అవి తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి నడిచే వచ్చాయి. దక్షిణాది అడవులు వాటి సొంత నేలే. మీ చెరకు, వరి తొక్కేస్తున్న బాధ నిజమే కానీ, వాటిని ఎవరూ తెచ్చి వదల్లేదు. మనిషి తీసుకెళ్లి వదిలితే ఏమవుతుందో అండమాన్‌లో చూడండి. మన చుక్కల జింకనే బ్రిటిష్‌వాళ్లు అక్కడికి చేర్చారు. శేషాచలంలో చిరుతకు ఆహారమయ్యే ఈ జింక, చిరుతలే లేని ఆ దీవుల్లో విపరీతంగా పెరిగి, మొలిచిన లేత మొక్కను మొలిచినట్టే మేసేస్తోంది.

ఇక మీరు చేయాల్సింది. ఈ రోజే మగవాటిని విడిగా పెట్టండి. ఈనిన మర్నాడే ఆడ కుందేలు మళ్లీ చూలు కట్టగలదు, నెల తిరిగేసరికి ఈనుతుంది. మూడు నెలలు దాటిన పిల్లల్లోనూ ఆడ, మగ వేరు చేయండి. ఇప్పటికే చూలుతో ఉన్నవి ఈనేస్తే ఆ తర్వాత సంఖ్య పెరగదు. దాణా తగ్గించడానికి మందు కొట్టని మల్బరీ ఆకు, అలసంద, దశరథ గడ్డి కొద్దికొద్దిగా అలవాటు చేయండి. టమాటా ఆకు మాత్రం వేయకండి, విషమవుతుంది. పెంటను మల్బరీ తోటకు వాడుకోవచ్చు. కంపెనీతో రాసుకున్న కాగితం, డబ్బు కట్టిన రశీదులు ఉంటే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసే వీలుందేమో లాయరును అడగండి. మిగిలిన కుందేళ్లను పెంచుకునేవాళ్లకు తక్కువ ధరకైనా అమ్మేయండి. అమ్మేముందు ఒక్కోదాని చెవి వెనక్కి తిప్పి లోపల చూడండి. గోధుమ రంగు పొక్కు కట్టి ఉంటే అది చెవి గజ్జి. పక్కవాటికి ఇట్టే అంటుకుంటుంది. గోళ్లతో గీకకుండా, వాటిని విడిగా ఉంచి పశువైద్యుడితో ఇంజెక్షన్ చేయించి, పూర్తిగా తగ్గాకే అమ్మండి.