అమెరికాలో పుట్టిన అమ్మాయి, ఇక్కడ నీట్: ముందు ఓసీఐ కార్డు మీద తేదీ చూడండి

ప్రశ్న: మా అమ్మాయి 2008లో న్యూజెర్సీలో పుట్టింది. అప్పుడు మావారికి హెచ్-1బీ, నాకు హెచ్-4. 2014లో విజయవాడ వచ్చేశాం. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. పుట్టుకతో వచ్చే పౌరసత్వం తీసేస్తారన్న వార్తలతో టెన్షన్‌గా ఉంది. ఈలోపే అమెరికా పంపేయాలా? లేక ఆ పౌరసత్వం వదిలించి ఇక్కడే నీట్ రాయించాలా?

జవాబు: అమ్మా, 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఆదేశం ఏమంటుందంటే, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డను పౌరుడిగా గుర్తించొద్దని. అచ్చం అప్పటి మీ పరిస్థితే, అందుకే మీకు గుండె ఝల్లుమంది. కానీ ఆదేశం వచ్చిన 30 రోజుల తర్వాత పుట్టే పిల్లలకే ఇది వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. అమెరికా గడ్డ మీద పుట్టినవాళ్లు అక్కడి పౌరులేనని చెప్పే రాజ్యాంగ 14వ సవరణ వచ్చింది 1868లో. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని అక్కడి సుప్రీంకోర్టు 1898లో చెప్పింది. మీ అమ్మాయి పాస్‌పోర్టు ఆ పునాది మీద వచ్చింది. భయపడి పంపేయాల్సిన అవసరం లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది మీరు రాయని సంగతి. ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఎప్పుడు తీసుకున్నారు? 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ విద్యార్థులు నీట్ రాయొచ్చు, కానీ భారత పౌరులకే కేటాయించిన సీట్లు వారికి రావు, ఎన్నారై సీట్లకే పోటీ పడాలి. ఆ తేదీకి ముందే కార్డు ఉన్నవాళ్లకు ఈ నిబంధన వర్తించదని 2023లో మన సుప్రీంకోర్టు తేల్చింది. ఎన్నారై సీటు ఫీజు ఎంతో మీకు తెలిసిందే, ఇంటి బడ్జెట్టే తలకిందులవుతుంది. పాస్‌పోర్టు మారినప్పుడు కార్డు కూడా మార్చి ఉంటే, మొదటి కార్డు ఎప్పుడు వచ్చిందో చూపే కాగితాలు జాగ్రత్తగా దాచండి.

అమెరికాలో ఇంటర్ కాగానే మెడిసిన్ ఉండదు. సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే మెడికల్ స్కూలు. పౌరురాలిగా ఫెడరల్ ఆర్థిక సాయానికి దరఖాస్తు చేయొచ్చు గానీ, స్టేట్ యూనివర్సిటీలో తక్కువ ఫీజు ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకే.

నా సలహా, కార్డు పాతదైతే ఇక్కడే ఎంబీబీఎస్ చేయించండి. తర్వాత అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి, రెసిడెన్సీకి, అంటే అక్కడి ఆసుపత్రిలో శిక్షణకు వెళ్తే, తోటి తెలుగు డాక్టర్లలా వీసా ఇచ్చే ఆసుపత్రి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆ పాస్‌పోర్టు విలువ అక్కడ తెలుస్తుంది. కార్డు కొత్తదైతే ఎన్నారై ఫీజు కట్టగలరా లేదా అన్నది ముందే లెక్క వేసుకుని, అప్పుడు అమెరికా డిగ్రీ గురించి ఆలోచించండి.

పౌరసత్వం వదులుకోవడమంటారా, ఆ సంతకం ఆమె తరఫున మీరు చేయలేరు. ఆమే స్వయంగా కాన్సులేట్‌కి వెళ్లి ప్రమాణం చేయాలి, తర్వాత వెనక్కి తీసుకోవడం దాదాపుగా ఉండదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల. ఏం చదవాలనుందో, ఎక్కడ ఉండాలనుందో మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. ఈ రాత్రే కూర్చోబెట్టి అడగండి.