లక్షా అరవై వేల హ్యాకింగ్ కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ పాస్‌వర్డ్ అమ్మాయికి ఇచ్చేయండి

ప్రశ్న: మా అమ్మాయి ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. అమీర్‌పేటలో ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరతానంటోంది. ఫీజు 1,60,000. వంద శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. గచ్చిబౌలిలో పనిచేసే మా మేనల్లుడేమో 'హ్యాకింగ్ వద్దు మామయ్యా, ఐడెంటిటీ సైడు వెళ్లమను' అంటున్నాడు. రెండింట్లో ఏది మంచిది? హ్యాకింగ్ అంటే రేపు పోలీసు కేసులేమైనా వస్తాయా? ఆడపిల్లకు నైట్ షిఫ్టులు తప్పవా? కిందటి దసరాకు బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తే నొక్కి 47,000 పోగొట్టుకున్నాను. అప్పటి నుంచే దీనికి ఈ పిచ్చి పట్టింది. (ఈ మెయిలు మా అమ్మాయి ఐడీ నుంచే పంపుతున్నాను. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది.)
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: సార్, మీరు బ్రాకెట్లో పెట్టిన ఆఖరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ అమ్మాయికి ఇరవై ఏళ్లు ఉంటాయి. ఆమె మెయిలు పాస్‌వర్డ్ మీ దగ్గరుంది, అంటే రికవరీ నంబరు కూడా మీదే అయ్యుంటుంది. ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్ అప్లికేషన్లో మీ నంబరు ఇచ్చారు, అది అలాగే ఉండిపోయింది. నా దగ్గరకొచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది ఇంతే.

రెండేళ్ల కిందట ఒక అబ్బాయి ఓ కంపెనీ ఆన్‌లైన్ పరీక్షకు కూర్చున్నాడు. లాగిన్ ఓటీపీ వాళ్ల నాన్నగారి ఫోనుకు వెళ్లింది. ఆయన శ్రీశైలం అడవి దారిలో బస్సులో ఉన్నారు, సిగ్నల్ లేదు. పిల్లాడు తెర ముందు నలభై నిమిషాలు కూర్చుని లేచాడు. ఆయన దర్శనం చేసుకుని కిందికి దిగాక ఓటీపీలన్నీ ఒకేసారి టింగు టింగుమంటూ వచ్చాయట. మీరు ప్రేమతోనే చేస్తున్నారని తెలుసు. ఆయన చేసిందీ ప్రేమతోనే.

మీ మేనల్లుడు చెప్పిన 'ఐడెంటిటీ సైడు' అంటే సరిగ్గా ఈ గొడవే. అవతల కూర్చున్నది ఎవరో కంప్యూటర్‌కు కనిపించదు. సరైన పాస్‌వర్డ్ కొట్టిన ప్రతివాణ్నీ అది నమ్ముతుంది. నిన్న రాత్రి ఆ మెయిలు దృష్టిలో మీరే మీ అమ్మాయి! ఇంట్లో నలుగురే కాబట్టి నడిచిపోతుంది. యాభై వేల మంది పనిచేసే కంపెనీలో రోజూ కొందరు చేరతారు, కొందరు ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు మారతారు, కొందరు మానేస్తారు. చేరినవాడికి ఏ తలుపులు తెరవాలి, మారినవాడికి పాత తలుపులు మూశారా, మానేసినవాడి అకౌంటు ఆ సాయంత్రమే ఆపారా... ఇది చూసుకునే పనికి పెట్టిన పేరే ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్. ఆఫీసుల్లో ఐయామ్ అంటారు. చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు. పెళ్లి చూపుల్లో 'హ్యాకర్' అన్నంత గట్టిగా వినిపించదు. కానీ ఆడిట్ వచ్చిన ప్రతిసారీ బ్యాంకైనా ఆసుపత్రైనా ముందు వెతికేది ఈ మనుషులనే.

ఇక ఆ కోర్సు. నిజం చెప్పాలంటే నాకు దాని మీద నమ్మకం లేదు. పదేళ్ల కిందట అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లుండే ఇదే మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మీద హడూప్ అనే కోర్సు పేరు ఉండేది, ఆ తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ముసుగు వేసుకున్న హ్యాకర్ బొమ్మ. బోర్డు మారింది కానీ మెట్లెక్కి పైకెళ్తే గది అదే. అమీర్‌పేటలో మంచి మాస్టార్లు లేరని కాదు, వాళ్లను నేనూ ఎరుగుదును. వాళ్లెవరూ వంద శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టుకోరు.

గత నెలలో ఒక అబ్బాయి వచ్చాడు. ఇలాంటి కోర్సే పూర్తిచేసి, సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. ల్యాప్‌టాప్ తెరవమన్నాను. హ్యాకింగ్ నేర్చుకునేవాళ్లు వాడే కాలీ లైనక్స్, నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, టకటకా, నెట్‌వర్కులో ఏ తలుపులు తెరిచి ఉన్నాయో వెతికే ఎన్‌మ్యాప్ కొట్టి చూపించాడు. బాగుంది బాబూ, ఒకసారి విండోస్‌లోకి రా అన్నాను. కింద మూలన వైరస్‌లను ఆపే డిఫెండర్ గుర్తు మీద ఎర్రటి ఇంటూ మార్కు.

'అదేంటి?'

'ఆఫ్ చేశాను సార్. దొంగ సాఫ్ట్‌వేర్ క్రాక్ వేసేటప్పుడు అడ్డొచ్చింది.'

అప్‌డేట్లు? గేమ్ మధ్యలో విసిగిస్తున్నాయని ఆపేశాడు. రోజూ వాడే అకౌంటే అడ్మినిస్ట్రేటర్ అకౌంటు. అంటే ఏ పిచ్చి ఫైలు నొక్కినా దానికి ఇంటి తాళంచెవుల గుత్తి మొత్తం ఇచ్చినట్టే. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ చెకప్ నొక్కమన్నాను, నాకు చూపించొద్దు, నువ్వే చూసుకో అని. పదకొండు సైట్లకు ఒకటే పాస్‌వర్డ్ అని తేలింది. ఊళ్లో వాళ్ల తలుపులన్నీ తట్టి గట్టివో కావో చెప్పడం నేర్చుకున్నాడు కానీ, సొంత ఇంటికి గడియ లేదు. తప్పు వాడిది కాదు. ఆరు నెలల్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

కంప్యూటర్లను కాపాడటమంటే హ్యాకర్‌తో కుస్తీ పట్టడం అనుకుంటారు అందరూ. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలేసి డబ్బులడిగింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికారు, 'రేపు వేద్దాంలే' అన్నవాళ్లు మునిగారు. 2024 జులై 19న అసలు హ్యాకరే లేడు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన సొంత అప్‌డేట్ తప్పుగా పంపింది, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో పడుకున్నాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, గుర్తుందా? ఆ తర్వాత చాలాచోట్ల ఒక్కో మిషన్ దగ్గరకూ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ పాడు ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్న చోట 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీలు ఎక్కడ దాచారో తెలిసిన మనిషే ఆ శుక్రవారం ఆఫీసులో అందరికీ దేవుడు. ఆ మనిషి ఏ కోర్సు చేశాడని ఎవరూ అడిగి ఉండరు.

అందుకే, మీ అమ్మాయికి హ్యాకింగ్ మీద ఇష్టముంటే మానమని నేననను. దాన్ని మొదటి ఉద్యోగంగా లెక్కపెట్టుకోవద్దంటాను. పెనెట్రేషన్ టెస్టింగ్, అంటే కంపెనీ అనుమతితో దాని సిస్టమ్‌లలోకి దూరి చూసే పని, పోస్టులు తక్కువ, ఫ్రెషర్లకు మరీ తక్కువ. అవతలి గోడ ఎలా కడతారో తెలియకుండా ఎక్కడ పగలగొట్టాలో తెలియదు. ముందు నెట్‌వర్కింగ్, లైనక్స్, విండోస్ సర్వర్, కంపెనీలో అందరి అకౌంట్లనూ ఒకచోట ఉంచే యాక్టివ్ డైరెక్టరీ రావాలి. సరదా తీర్చుకోవడానికి ఓవర్‌దవైర్‌లో బ్యాండిట్ అనే ఆట ఉంది, పోర్ట్‌స్విగర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉంది. రెండూ ఉచితమే. ఐడెంటిటీ వైపు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఎస్‌సీ-900, ఎస్‌సీ-300 పాఠాలు కూడా ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. బీటెక్ అయ్యాక కూడా ఇదే దారి అనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల డిటిస్ అనే సెక్యూరిటీ పీజీ డిప్లొమా ఉంది, సీక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వెళ్లాలి. 1,60,000 అప్పటిదాకా బ్యాంకులోనే ఉండనివ్వండి.

పోలీసు కేసుల సంగతి. ఆ కంప్యూటర్ యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే అది ఉద్యోగం, ఒప్పుకోకపోతే ఐటీ చట్టం 43 సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి, దురుద్దేశం ఉందని తేలితే 66 కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. పక్కింటి వైఫై మీదో కాలేజీ వెబ్‌సైటు మీదో 'ఊరికే ట్రై చేశా' అన్నా చిక్కే. ఈ ఒక్క గీత దాటనంతవరకు భయం లేదు. నైట్ షిఫ్టులా? సాక్ అంటారు, అలర్టులు కనిపెట్టుకుని కూర్చునే గది, అది ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది కాబట్టి మొదట్లో షిఫ్టులు తప్పవు. ఐడెంటిటీలో ఎక్కువగా పగలు, లేదా విదేశీ క్లయింట్ల కోసం సాయంత్రం పొద్దుపోయేదాకా. ఆడపిల్ల అని మీరు విడిగా అడిగారు గానీ, నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలు రాత్రి కంపెనీ క్యాబ్‌లో ఇంటికి చేరి, వాళ్ల నాన్నలు సీరియల్ చూస్తూ నిద్రపోతుంటే టీవీ ఆపి పడుకుంటున్నారు.

ఇప్పుడు ఆ 47,000. అసలు ఉత్తరం దాని గురించే అని నాకనిపించింది. 'పిచ్చి పట్టింది' అని రాశారు చూడండి, ఆ మాటలో కాస్త సిగ్గు కూడా ఉంది. సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఆ ఫైలు లోపలికి రాగానే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. అన్నిటికీ నొక్కినట్టే 'అలౌ' నొక్కుతాం. ఆ తర్వాత మీకొచ్చే ప్రతి ఓటీపీ మీకంటే ముందు వాడికి చేరుతుంది. బ్యాంకు దృష్టిలో ఓటీపీ వచ్చిందంటే మీరే వచ్చినట్టు. మోసం అంతా ఆ ఒక్క సందులోనే జరిగింది. ఓటీపీకి దాన్ని ఎవరు కొడుతున్నారో, ఎక్కడ కొడుతున్నారో తెలియదు. అందుకే ఇప్పుడు పాస్‌కీలని వచ్చాయి. రహస్యం మీ వైపే ఉండిపోతుంది, వేలిముద్రతో తెరుచుకుంటుంది, అసలు సైటుకు తప్ప దొంగ సైటుకు పలకదు. ఫోనులో ఎవరో అడిగితే చదివి చెప్పడానికి అందులో అంకెలే ఉండవు. ఇలాంటి దొంగతనాలను ఆపే పనిలోకే మీ అమ్మాయి వెళ్లాలనుకుంటోంది. నాన్న డబ్బు పోయిన రోజు ఇంట్లో అందరూ తిట్టి ఉంటారు, ఆ పిల్ల మాత్రం 'ఎలా పోయింది' అని ఆలోచించింది. దాన్ని మీరు పిచ్చి అంటున్నారు! నా ముందు కూర్చునే పిల్లల్లో 'ప్యాకేజీ ఎంత' అన్నది తప్ప ఇంకో కారణం చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

డబ్బు పోయినప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారో లేదో మీరు రాయలేదు. మళ్లీ ఎప్పుడైనా ఇలాంటిది జరిగితే, మీకైనా చుట్టాలకైనా, ముందు ఆ నంబరు. బ్యాంకుకు వెళ్లడం, కొడుకుతో చెప్పాలా వద్దా అని ఆలోచించడం తర్వాత. మొదటి గంటల్లో అయితే ఆ డబ్బును అవతలి ఖాతాలోనే ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఆ జీమెయిల్ తెరవండి. రికవరీ నంబరు ఆమెది పెట్టించండి, పాస్‌వర్డ్ ఆమెనే మార్చుకోమనండి, మార్చేటప్పుడు మీరు అటు తిరగండి. కాలేజీ, పరీక్షల పోర్టళ్లలో మీ నంబరు ఎక్కడెక్కడ ఉందో ఆమె చేతే వెతికించండి. మీ ఫోనులో ఏ యాప్‌కు ఎస్సెమ్మెస్ అనుమతి ఉందో కూడా ఆమెనే చూడమనండి. ఆ పాత ఫైలు ఇంకా అందులోనే ఉందేమోనని నాకు అనుమానం.

ఆ తర్వాత శనివారం ఎప్పుడైనా నాలుగు దాటాక ఆమెను నా దగ్గరకు పంపండి. మీరూ రావచ్చు, బయట కుర్చీలున్నాయి. ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జర్ తెచ్చుకోమనండి.